పటేలింట చెప్పిన అమెరికా పాఠం

ఎలక్షన్ డ్యూటీ ఆర్డరు చేతికి రాగానే ముఖం మాడ్చుకునే కొత్త టీచర్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. "సార్, బీపీ ఉన్నదని కాయితం పెడితే పేరు తీసేస్తరా?" అని నన్నడుగుతారు. తీసేయించుకునే దారులు నాకు తెలుసు. చెప్పను. సోషల్ టీచరుగా రిటైరై కోరుట్లలో కూర్చున్న నాకు ఇక ఆ ఆర్డరు రాదు. ఆ కొరత ఎట్లా ఉంటుందో మీకిప్పుడు తెలియదు.

పోలింగ్ ముందురోజు పొద్దున జగిత్యాల కాలేజీ మైదానం ఒక జాతర. షామియానాల కింద మండలానికొక వరుస బల్లలు. మైకులో ఎడతెగని పిలుపులు. ఓటింగ్ యంత్రాల పెట్టెలు, లక్క, కొవ్వొత్తులు, సిరా సీసా, గుడ్డ సంచులు. ఎవరి సామాన్లు చూసినా ఏదో ఒకటి తక్కువే ఉండేది. దాని కోసం ఒకరు కౌంటర్ల చుట్టూ తిరుగుతుంటే మిగిలినవాళ్ళం గోడ నీడన పులిహోర పొట్లాలు విప్పేవాళ్ళం. అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళం కూడా ఆ పొట్లాలు మడిచి పారేసే లోపల పిల్లల చదువులు, షుగర్ మాత్రలు, ఇంటి లోన్లు అన్నీ చెప్పేసుకునేవాళ్ళం. మర్నాడు విడిపోతే మళ్ళీ కలుస్తామన్న నమ్మకం లేదు. అందుకేనేమో దాపరికం ఉండేది కాదు.

ఒక అసెంబ్లీ ఎలక్షన్‌లో నాకు దొరికిన జట్టు మరీ మంచిది. నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని, అంటే బూతుకు పెద్దను. నాతో వచ్చినవాళ్ళలో మీకు చెప్పాల్సినవాళ్ళు ఇద్దరు. ఒకరు లెక్కల సారు. ఏ డ్యూటీకి వెళ్ళినా గాలి ఊదే దిండు సంచిలో పెట్టుకుని వచ్చేవాడు. ఇంకొకరు మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు, కొత్తగా ఉద్యోగంలో చేరిన సిరిసిల్ల అమ్మాయి. మామూలుగా మాట్లాడినా పక్క గదిలోకి వినపడేది.

"సాంచెల చప్పుట్ల పెరిగినదాన్ని సార్. మా ఇంట్ల మెల్లగ మాట్లాడితె ఎవ్వలకు ఇనవడది" అని తనే చెప్పుకుని నవ్వింది. ఇంట్లో మరమగ్గాలుండే పిల్ల అన్నమాట.

మమ్మల్ని వేసింది పెగడపల్లి దిక్కు ఒక ఊరికి. బస్సులో లెక్కల సారు నన్ను ఆడుకున్నాడు. "సోషలోళ్ళకు ప్రిసైడింగు ఇయ్యద్దు సార్. ఓటేయనచ్చినోణ్ణి గూడ నిలవెట్టి పాఠం చెప్తరు." బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందులో అబద్ధమేమీ లేదు. వినేవాడు దొరికితే నాకు ఆకలి కూడా వేసేది కాదు. నేను బాగా చెబుతానని పేరుండేది, ఆ పేరంటే నాకు మహా ఇష్టం.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైన పాఠం అమెరికా నల్లవాళ్ళ ఓటు హక్కు. చట్టం హక్కు ఇచ్చిన తర్వాత కూడా దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్ళను ఓటు దాకా రానివ్వకుండా ఎన్నెన్ని ఎత్తులు వేశారో చెబుతుంటే, వెనక బెంచీ వాళ్ళు కూడా ముందుకు వంగేవాళ్ళు. చదువు పరీక్ష పెట్టి, సబ్బు బిళ్ళలో ఎన్ని బుడగలుంటాయని అడిగేవారట అని చెబితే ఒకడు లేచి, "మరి తెల్లోనికి ఎరుకనా సార్?" అన్నాడు. ఆ ప్రశ్న విన్నరోజు ఇంటికి వెళ్ళేదాకా నాలో నేను మురిసిపోయాను. అప్పుడప్పుడు ఆ తరగతి గది గుర్తొస్తే ఇప్పటికీ గొంతు సవరించుకుంటాను.

ఊరు చేరి, బడిలో పెట్టెలు దింపి, గదిలో బెంచీలు సర్దుకున్నాం. భోజనానికి మధ్యాహ్న భోజనం వండే ఆమెకు చెప్పి ఉంచారు. అన్నం, పప్పు. ఇంతలో ఊరి కావలికారు వచ్చి నిలబడ్డాడు.

"పటేలు మిమ్ముల తోల్కరమ్మన్నడు సార్. నాటుకోడి కోపిచ్చిండు."

పటేలంటే ఆ ఊళ్ళో పెద్ద రైతు. ఎవరికి సర్కారు పని పడ్డా ఆయన గడపలో ఆగాల్సిందే. ఒక అభ్యర్థి తరఫున గట్టిగా తిరుగుతున్నాడని దారిలోనే విన్నాం.

"వద్దు సార్" అంది సిరిసిల్ల అమ్మాయి, ఎప్పటిలాగే పక్క గదికి వినపడేలా. "పరాయోళ్ళ ఇంట్ల తినద్దని ట్రైనింగ్ల చెప్పిండ్రు."

"అన్నం తింటే ఓటు మారుతదా బిడ్డా?" అన్నాను.

"మీది మారది. మీరు ఆడ తినంగ ఊరోళ్ళు చూస్తరు గద."

ఆమె బడిలోనే ఉండి పప్పన్నం తింది. నేనూ లెక్కల సారూ వెళ్ళాం.

పటేలు మంచి మాటకారి, అంతకంటే మంచి శ్రోత. సోషల్ చెబుతానని తెలియగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మాకేం ఎరుక సార్, పదోది తప్పినోళ్ళం. జర మంచి ముచ్చట చెప్పుండ్రి" అన్నాడు. అంతే చాలు నాకు. ఎలక్షన్ ముందురోజు కాబట్టి సందర్భం కూడా కలిసింది. అమెరికా ఎత్తుకున్నాను.

ఓటు లేదని ఎవడూ అనేవాడు కాదు పటేలా అన్నాను. కాగితం మీద హక్కు హక్కే. ఓటరుగా పేరు రాసుకునే ఆఫీసు పనిరోజుల్లోనే తెరిచేవారు, అదీ కాసేపే. పొలం యజమాని ఆ రోజే పని ఎక్కువ పెట్టేవాడు. పని వదిలి వెళితే మర్నాడు పనుండదు. నిలబడి నిలబడి తలుపు దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసేవారు. అందరినీ కొట్టనక్కర్లేదు, తలుపు దాకా రాకుండా చూస్తే చాలు.

పటేలు చెంచాతో నా పళ్ళెంలోకి ఇంకో ముక్క వేశాడు. "అబ్బా! అంటె సార్, కొట్టేది లేదు తిట్టేది లేదు. టైమొక్కటి చేతుల వెట్టుకుంటె సాలన్నట్టు."

"సరిగ్గా పట్టుకున్నవ్!" అన్నాను. నా క్లాసులో ఎవడైనా అంత చక్కగా సారాంశం చెబితే వీపు తట్టేవాణ్ణి.

"మరి మనకాడ తలుపు ఎప్పుడు మూస్తరు సార్?"

అదీ చెప్పాను. సాయంత్రం ఐదింటికి గేటు మూస్తాం. అప్పటికి లోపల లైన్లో ఉన్నవాళ్ళకు నేను సంతకం చేసిన చీటీలు ఇస్తాను. ముందు నుంచి కాదు, లైన్లో ఆఖరి మనిషితో మొదలుపెట్టి ముందుకు వస్తాను. ఆ తర్వాత ఎవరూ వచ్చి కలవకుండా. చీటీ ఉన్నవాళ్ళు ఎంతసేపైనా సరే ఓటేసే వెళతారు. చీటీ లేనివాళ్ళకు దేవుడు దిగివచ్చినా లేదు.

"మస్తుగ సమజైంది" అన్నాడు పటేలు. పెరుగు వచ్చింది. అక్కడితో అమెరికా ఆగిపోయింది. అసలైన రెండో సగం, వాళ్ళు ఆ తలుపులు ఎట్లా తెరిపించుకున్నారన్నది, నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మర్నాడు పోలింగ్ చక్కగా మొదలైంది. కొత్తగా ఓటొచ్చిన పిల్లలు వేలి మీద సిరా చూసుకుంటూ ఫొటోలు దిగారు. ఒక ముసలాయన యంత్రానికి దండం పెట్టి వెళ్ళాడు. లెక్కల సారు ఓటర్ల పేర్లు చదువుతూ ఒక్కొక్క ఇంటిపేరు దగ్గర ఆగి "మా మేనత్తోళ్ళిల్లు గూడ గిదే" అంటున్నాడు. ఆ రోజు కూడా పన్నెండు గంటల వరకు నాకు ఎంతో ఇష్టమైన రోజే.

భోజనాల వేళ సిరిసిల్ల అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. సిరా పూసే పని ఆమెది. ప్రతి ఓటరు చేయీ ఆమె చేతిలోకి వచ్చి వెళ్ళేది.

"సార్, దళితవాడ ఆడోళ్ళు ఒక్కలు గూడ రాలే."

ఆ వాడలో మగవాళ్ళు సగానికి పైగా దుబాయి, మస్కట్‌లలో ఉంటారు. మా దిక్కు చాలా ఊళ్ళలో అంతే. అంటే ఆ వాడ ఓటంటే ఆడవాళ్ళ ఓటే.

"వంటలై వస్తరమ్మా."

"వండె ఆమె చెప్పింది సార్. పొద్దుగాల్నే పటేలు ట్రాక్టరు పెట్టి పత్తి ఏర తోల్కపోయిండట. వాగు అవతలి చేన్లకు. మొగులైంది, వానొస్తె పత్తి ఖరాబైతదని కూలి ఎక్కువిస్తనన్నడట. నాలుగింటికే దించుతనన్నడట."

ఆ క్షణాన నాకు అర్థమైందా అని మీరడగవచ్చు. అయింది. నా మాటలే ఒక్కొక్కటీ ట్రాక్టరెక్కి వాగు దాటి వెళ్ళినట్టు అర్థమైంది. పొలం పని, పనిరోజు, మూసే తలుపు.

"సెక్టార్ ఆఫీసర్‌కు ఒక ఫోన్ చేస్తె?" అంది. నాలుగైదు బూతులకు ఒకరు చొప్పున జీపులో తిరిగే అధికారి ఉంటాడు. ఇట్లాంటివాటికే ఉంటాడు.

నేను కిటికీ వైపు చూశాను. ఫోన్ చేస్తే ఆయన వస్తాడు, అడుగుతాడు, పటేలు నోరు విప్పుతాడు. సార్లు మా ఇంట్లనే తిన్నరు గద అంటాడు. "బూతు లోపలిదే మన పని. చేన్ల సంగతి మనకెందుకు? నాలుగింటికి దించుతనన్నడు గద, సూద్దాం" అన్నాను.

ఆమె వెళ్ళి సిరా సీసా ముందు కూర్చుంది. ఆ తర్వాత ఆమె గొంతు పక్క గదికి వినపడలేదు.

నాలుగు దాటింది. నాలుగున్నర దాటింది. ఐదింటికి నేను గేటు దగ్గరికి వెళ్ళి, లైన్లో ఉన్న కొద్దిమందికి ఆఖరి మనిషి నుంచి చీటీలిచ్చి, గేటు వేయించాను. రూలు ఒక్క అక్షరం తప్పలేదు. కానిస్టేబులు గొళ్ళెం పెట్టి ఎంతోసేపు కాలేదు, ట్రాలీ వచ్చింది. ఆగకముందే ఆడవాళ్ళు దూకేస్తున్నారు. జుట్ల నిండా పత్తి పింజలు. కొంగుల్లోంచి ఓటరు కార్డులు తీసి పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. అంటే పొద్దున పనికి వెళ్ళేటప్పుడే కార్డులు వెంట పెట్టుకున్నారు.

ముందు వచ్చినామె నడివయసు మనిషి. వాడలో ఆడవాళ్ళను కూలికి కూడగట్టుకుని వెళ్ళేది ఆమేనట. గేటు కమ్మీలు పట్టుకుంది.

"తియ్యి సారూ. డీజిల్ అయిపోయిందని వాగు కాడ ఆపిండు. మేం కావాలని ఆగినమా?"

"ఐదు దాటిందమ్మా. నా చేతుల లేదు."

"ఎవ్వల చేతుల ఉన్నది మరి?"

వెనక ఒక ముసలామె ట్రాలీ డ్రైవరును నోటికొచ్చినట్టు తిడుతోంది. గేటు పట్టుకున్నామె మాత్రం తిట్టలేదు. గొంతు తగ్గించింది.

"సరే సారూ. ఓటు పోతె పోయింది. గీ మాటన్న పైకి చెప్పు. మమ్ముల గిట్ల ఆపిండ్రని చెప్పు. రేపటికన్న అక్కరకొస్తది."

"చెప్త" అన్నాను.

చీకటి పడుతుండగా సామాన్లతో జగిత్యాల చేరాం. కౌంటరు దగ్గర సెక్టార్ ఆఫీసరు ఎదురొచ్చాడు. మంచివాడు, అలసిపోయి ఉన్నాడు.

"మీ దగ్గర అంతా ప్రశాంతమేనా సార్?"

సిరిసిల్ల అమ్మాయి నా పక్కనే ఉంది. నోరు తెరిస్తే మైదానమంతా వినపడగల పిల్ల. నేను పెద్దను కాబట్టి నా నోటివైపు చూసింది.

"ప్రశాంతమే సార్" అన్నాను.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె ఒకే మాట అంది. "మీరు చెప్తరనుకున్న సార్." లెక్కల సారు దిండులో గాలి తీస్తూ వినపడనట్టు నటించాడు. ఆయనా కోడికూర తిన్నవాడే.

ఆ ఓట్లు పడి ఉంటే ఫలితం మారేదా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. మారేది కాదు, తేడా పెద్దదే. కొన్నాళ్ళు ఆ లెక్క నాకు ఊరటనిచ్చింది. తర్వాత ఇవ్వడం మానేసింది. గేటు దగ్గర ఆ మనిషి గెలుపోటములు నన్నడగలేదు.

మరుసటి ఏడు క్లాసులో ఆ పాఠం వచ్చింది. ఒక పిల్లతో పుస్తకంలోంచి చదివించి, ప్రశ్నలు జవాబులు రాయించేశాను. సబ్బు బుడగల సంగతి చెప్పలేదు.

రిటైరయ్యాక పెగడపల్లిలో ఒక పాత సహోద్యోగి పదవీ విరమణ సభకు వెళ్ళాను. శాలువాలు, ఫొటోలు అయ్యాక అందరూ కోరుట్ల దారి పట్టారు. నేను ఆటో మాట్లాడుకుని ఆ ఊరికి వెళ్ళాను. ఎందుకంటే చెప్పలేను. మోకాళ్ళ నొప్పుల మనిషిని, ఇంకెంతకాలం వాయిదా వేస్తాననిపించింది.

వాడలో ఒక అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. గేటు పట్టుకున్నామెను గుర్తుపట్టాను. ఆమె నాకంటే ముందే గుర్తుపట్టింది.

"గేటు సారు అచ్చిండే!" అంది. అందరూ నవ్వారు. ఆ ఊళ్ళో నా పేరు అదన్నమాట. "కూసో సారూ. డ్యూటీ పడ్డదా మల్ల?"

"లేదమ్మా, రిటైరైన."

"గట్లయితె మంచిగైంది తియ్యి" అంది ఇంకొకామె. మళ్ళీ నవ్వు.

కూర్చుని చెప్పాను. ఆ రోజు వాళ్ళను ఆపే ఉపాయం పటేలుకు చెప్పింది నేనేననీ, అమెరికా ముచ్చట చెబుతూ చెప్పాననీ, ఆయనింట్లో తింటూ చెప్పాననీ.

"ఎరుకే" అందామె, చేతిలో బీడీ ఆపకుండా. "ఓట్లయినంక చాయ దుకాణం కాడ గాయననే చెప్పుకుంట నవ్విండు. గా సారు మస్తు సమజయ్యెటట్టు చెప్పిండన్నడు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పాఠం ఇంత బాగా ఒంటబట్టిందని ఎవరూ చెప్పలేదు.

"మరి గా అమెరికాల నల్లోళ్ళు ఏమైండ్రు సారూ? ఓటెయ్యకుంటనే సచ్చిపోయిండ్రా?"

"లేదమ్మా. సాధించుకున్నరు."

"గది చెప్పవైతివి గద మరి. ఎట్ల?"

చెప్పాను. ఒక ఊరి నుంచి రాష్ట్ర రాజధానికి నడవాలని బయలుదేరారనీ, వంతెన దాటగానే పోలీసులు గుర్రాలతో, లాఠీలతో విరుచుకుపడ్డారనీ, దెబ్బలు తిన్నవాళ్ళే మళ్ళీ నడిచారనీ, ఆ తర్వాతే గట్టి చట్టం వచ్చిందనీ. ఇప్పటికీ అక్కడ కొన్ని పేటల్లో గంటలకొద్దీ లైన్లలో నిలబెడతారనీ, ఆ పని ఇంకా అయిపోలేదనీ కూడా చెప్పాను. బీడీలు చుట్టే వేళ్ళు ఆగలేదు, కానీ మాటలు ఆగిపోయాయి. చాలా ఏళ్ళ తర్వాత నాకు ఒక క్లాసు దొరికింది.

"నడిచే పోయిండ్రా? ఆడోళ్ళు గూడనా?"

"ఆడోళ్ళు గూడ."

ఆమె దారం కొరికి కట్ట పక్కన పెట్టింది. "మేం గూడ గా దినం నడిస్తె అయిపోవు. గిప్పుడస్తది గప్పుడస్తది డీజిల్ అనుకుంట ట్రాలీల కూసున్నం. తర్వాత సర్పంచి ఓట్లకు నడిచినం తియ్యి. చీకటుండంగనే పోయి గేటు కాడ నిలవడ్డం. మీ అసొంటి సారే, పండ్లు తోముకుంటుండు. బుగులువడ్డడు. ఏమైందమ్మా గింత పొద్దుగాల అన్నడు. ఏం గాలే సారూ, మీరు మూసేటప్పటికి గాదు, తెరిసేటప్పటికి మేముండాలె అన్న."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే నాకు చాలా సుఖంగా ఉండేది.

"పైకి చెప్త అన్న గద అమ్మా, గేటు కాడ" అన్నాను. "చెప్పలే. ప్రశాంతం అని చెప్పిన."

"గది గూడ ఎరుకే. చెప్తె ఎవ్వలన్న అచ్చి అడుగుదురు గద. ఒక్కలు రాలే." తునికాకు మీద కత్తెర ఆడించింది. "పటేలుకు పాఠం చెప్పుడంటె తెల్వక చెప్పినవ్ సారూ. దానికి మాకు నవ్వస్తది. గిది తెలిసి చేసినవ్ గద."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. ఆకు కత్తిరిస్తూనే అంది.

అవునన్నాను.